కుంటిన గొడ్లు, కుంటని గొడ్లు

పశువుల జబ్బులకు మన పల్లెలు పెట్టుకొన్న పేర్లను ఒకచోట చేర్చితే చిన్న నిఘంటువంత అవుతుంది. జబ్బ వాచితే జబ్బవాపు. గొంతు పూడుకొని గురక పెడితే గురకవ్యాధి. రాత్రి మంచిగా మేసి వచ్చిన గొర్రె తెల్లవారేసరికి చిటుకున ప్రాణం విడిస్తే చిటుకురోగం. పొదుగు గట్టిపడి పాలు విరిగితే పొదుగువాపు. పెట్టినవాడు పండితుడు కాడు, పసులకాపరి. కంటికి కనిపించిన దానిని కనిపించినట్లు చెప్పినాడు. అందుచేతనే ఆ పేర్లు ఇన్ని తరాలు నిలిచినవి. వీటిలో ఒక్క పేరు మాత్రం కనిపించిన దానితో ఆగక, కనిపించని దానిని కూడ చెప్పబోయినది. అది గాలికుంటు.

కుంటు సరే. గిట్టల నడుమ పొక్కులు లేచి, చితికి, పుండ్లు పడినప్పుడు పశువు కుంటక ఏమి చేస్తుంది? మరి గాలి ఏమిటి? తెలుగులో వీచే గాలి ఒకటి. పసిబిడ్డకు గాలి సోకినదంటాము, ఆ గాలి మరొకటి. నాకు మాత్రం ఈ పేరులో రెండు గాలులూ కలిసి ఉన్నవనిపిస్తుంది. కంటబడకుండ ఎటునుంచో వచ్చి తాకేది అన్న భావం రెంటిలోను ఒక్కటే గదా. ఇంగ్లీషువారు దీనిని ‘ఫుట్ అండ్ మౌత్’ అన్నారు. రోగం ఎక్కడ కనబడుతుందో చెప్పి ఊరుకొన్నారు. మనవారు ఎట్లు వస్తుందో కూడ చెప్పదలచినారు.

ఆ చెప్పినదానికి సాక్ష్యం చాల దూరాన దొరికినది. 1981 మార్చిలో ఫ్రాన్సు దేశపు వాయవ్య తీరాన బ్రిటనీ ప్రాంతంలో పందులకు ఈ రోగం వచ్చినది. కొద్దిరోజులకే సముద్రానికి ఆవల, ఇంగ్లండు దక్షిణాన ఉన్న వైట్ ద్వీపంలో ఆవులకు వచ్చినది. నడుమ దూరం 250 కిలోమీటర్లకు పైమాటే. ఆ రోజులలో గాలి ఎటు వీచినదో, ఎంత తేమతో వీచినదో లెక్కలు కట్టి, పందుల ఊపిరిలో వెలువడిన వైరస్ నీటిమీదుగా గాలిలో తేలి వచ్చినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. సాధారణంగా ఈ రోగం ఇంత దూరం ఎగిరిపోదు. పశువునుంచి పశువుకు, చొంగనుంచి తొట్టికి, కాపరి చెప్పులనుంచి పక్క కొట్టానికి, పాలవాని డబ్బానుంచి ఊరికి నడిచిపోవటమే ఎక్కువ. కాని ఎగరగలదు. పేరు పెట్టిన కాపరి తప్పు చెప్పలేదు.

ఈ వ్యాసానికి విషయం పేరు కాదు, లెక్క. ఒక మందలో, ఒక ఊరిలో, ఒక దేశంలో ఈ రోగం ఎన్ని పశువులకు సోకినది? చిన్నపిల్లవాడు కూడ అడగగల ప్రశ్న. సమాధానం మాత్రం సులభం కాదు. ఎందుకు కాదో చూడటానికి ముందు రోగం ఏమి చేస్తుందో రెండు మాటలలో చెప్పవలెను.

వైరస్ సోకిన రెండు మొదలు పదునాలుగు రోజులలో పశువుకు జ్వరం వస్తుంది. మేత ముట్టదు. నాలుకమీద, చిగుళ్ళమీద, గిట్టల నడుమ, చనుకట్లమీద నీటిపొక్కులు లేస్తవి. ఒకటి రెండు రోజులలో అవి పగిలి తోలు ఊడి వస్తుంది. నోటినుంచి చొంగ తీగలుగా సాగుతుంది. మునుపెన్నడూ రోగం ఎరుగని, టీకా ఎరుగని మందలో నూటికి నూరుకూ సోకినా సోకవచ్చును. అయితే పెద్ద పశువులలో చచ్చేవి నూటికి ఐదుకు మించటం అరుదు. పాలు తాగే దూడల సంగతి వేరు. వాటికి వైరస్ గుండె కండరాన్నే పట్టుకొంటుంది. పొక్కులు లేవకముందే దూడ నిలుచున్నచోట కూలిపోతుంది. అట్టి దూడ గుండెను కోసి చూచిన వైద్యులకు ఎర్రని కండమీద పాలిపోయిన చారలు కనిపించినవి. పులిగుండె అని దానికి పేరు పెట్టినారు.

పెద్ద పశువు పది పదిహేను రోజులలో లేస్తుంది. లేచినదానిని చూచి ఊరు మరిచిపోతుంది. ‘గాలికుంటే గదా, వచ్చి పోయేదే’ అన్న మాట నేను చిన్ననాటినుంచి వింటున్నాను. పోయేది రోగమే కాని, దానితోపాటు పోయేవి ఇంకా కొన్ని ఉన్నవి. ఆ ఈతకు పాలు చాల వరకు పోతవి. చనుకట్ల పుండ్లవల్ల పొదుగువాపు వస్తే ఒక చన్ను శాశ్వతంగా పోవచ్చును. చూడి పశువు ఈసుకొనిపోవచ్చును. దుక్కిటెద్దు లేచి నడుస్తుంది కాని ఎండకు తాళలేదు. నాలుగు సాళ్ళు దున్నేసరికి నాలుక వెళ్ళబెట్టి రొప్పుతుంది, వేసవిలోను ఒంటిమీద బొచ్చు పెరుగుతుంది. అది సంతలో అమ్ముడుపోదు, పొలంలో పనికిరాదు, చావదు. ఇవి ఏ లెక్కలోనూ చేరని నష్టాలు. చచ్చిన గొడ్డును లెక్కపెట్టినంత సులభంగా తగ్గిన పాలను, పెరిగిన రొప్పును ఎవరు లెక్కపెడతారు?

చంపే రోగానికి గౌరవం ఎక్కువ. ముసరవ్యాధి చరిత్ర చూడండి; రిండర్‌పెస్ట్ అని ప్రపంచం పిలిచినది దానినే. 1890 ప్రాంతాల ఆఫ్రికాలో అది ఆవులమందలను దాదాపు ఊడ్చివేసినది. ఇథియోపియాలో మనుష్యులు కూడ కరవుకు రాలిపోయినారు. మన దేశంలో 1871లోనే పశువుల తెగుళ్ళమీద ఒక కమిషన్ నివేదిక వెలువడినది. 1889లో పూనాలో ఒక పరిశోధనశాల పెట్టి, 1893లో దానిని హిమాలయాలలోని ముక్తేశ్వరానికి తరలించినారు. ఊళ్ళకు, మందలకు దూరంగా ఉండవలెననే అంత ఎత్తుకు ఎక్కించినారు. 1920లో మన దేశంనుంచి బ్రెజిలుకు పోతూ నడుమ బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో దిగిన పశువులవల్ల ఆ రోగం ఐరోపాలో పొడచూపినది. ఆ భయంతోనే 1924లో పారిస్‌లో ప్రపంచ పశ్వారోగ్య సంస్థ పుట్టినది. ముక్తేశ్వరంలోనే ఎడ్వర్డ్స్ అనే ఆయన 1920 దశకం చివర మేకలలో పెంచి బలహీనపరచిన వైరస్‌తో టీకా తయారు చేసినాడు. 1954లో జాతీయ స్థాయిలో నిర్మూలన ఉద్యమం మొదలైనది. 1995లో మన దేశంలో చివరిసారి కనిపించి, 2011లో లోకంనుంచే పోయినదని ప్రకటన వెలువడినది. మశూచి తరువాత మానవుడు భూమిమీద లేకుండ చేసిన రెండవ రోగం ఇది. ఇంత ఘనకార్యానికి మన పాఠ్యపుస్తకాలలో రెండు వాక్యాలైనా లేకపోవటం నాకు విచారంగా తోస్తుంది.

అంత పెద్దదానిని తరిమినవారికి గాలికుంటు ఎందుకు లొంగలేదు? ముసరవ్యాధి వైరస్ ఒకే రకం; ఒకసారి వచ్చి బ్రతికిన పశువుకు జీవితంలో మరల రాదు; కోలుకొన్న పశువు దానిని దాచుకొని తిరగదు. గాలికుంటు మూడింటిలోను విరుద్ధం. దీని వైరస్‌లో ఏడు రకాలు గుర్తించినారు. ఒకదానికి వచ్చిన రక్షణ మరొకదానిని ఆపదు. మన దేశంలో తిరిగేవి మూడు: ఓ, ఎ, ఆసియా-1. నాలుగవది, సి రకం, 1995 తరువాత మన దేశంలో కనిపించలేదు. టీకా బలం సుమారు ఆరు నెలలు. అంటే ఏడాదికి రెండుసార్లు వేయవలెను. ఇక దాచుకొనే సంగతి తరువాత చెబుతాను.

లెక్కకు వస్తాను. పశువుల లెక్క మనకు కొత్త విద్య కాదు. భారతంలో దుర్యోధనుడు ఘోషయాత్రకు బయలుదేరినప్పుడు తండ్రితో చెప్పిన సాకు ఆలమందల లెక్క చూచి లేగలకు గుర్తులు వేయించవలెనన్నదే. మనసులో ఉన్నది వేరే అయినా, సాకు నమ్మదగినది గనుకనే ధృతరాష్ట్రుడు ఒప్పుకొన్నాడు. రాజులకు అది ఏటేట ఉండే పని. విరాటుని కొలువులో సహదేవుడు తంత్రిపాలుడనే పేరుతో చేరినది గోవులను లెక్కించే పనికి. ఎన్ని ఉన్నవో చెప్పటమే కాదు, వాటికి రోగం రాకుండ చూచే ఉపాయం కూడ తనకు తెలుసునని ఆయన రాజుతో చెప్పుకొంటాడు. లెక్కా, ఆరోగ్యమూ ఒకే చేతిలో ఉండవలెనన్న ఎరుక మన పూర్వులకు ఉన్నదన్నమాట. పాఠం చెప్పేటప్పుడు ఈ ఘట్టాన్ని మనం అజ్ఞాతవాసపు ముచ్చటగా దాటిపోతాము. సహదేవుని ఉద్యోగం ఎంత కష్టమైనదో ఒక్కసారి ఆగి చూడము.

2019 పశుగణన ప్రకారం మన దేశంలో ఆవులు, ఎద్దులు 19 కోట్ల 25 లక్షలకు దగ్గరగా ఉన్నవి. గేదెలు, దున్నలు దాదాపు 11 కోట్లు. వెరసి 30 కోట్లకు పైన. ఇవి కాక మేకలు, గొర్రెలు, పందులు. ఆ గణనలో గొర్రెలకు మొదటి స్థానం తెలంగాణది, కోటీ 90 లక్షలు. రెండవది ఆంధ్రప్రదేశ్, కోటీ 76 లక్షలు. ఇన్నింటి నెత్తురు తీసి పరీక్షించటం ఎవరి తరము? కొన్నింటిని చూచి అన్నింటి సంగతి చెప్పవలసిందే.

‘అన్నం ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు’ అన్న సామెత ఇక్కడ గుర్తుకు రావటం సహజం. అయితే ఈ సామెత మందకు చెల్లదు. ఒకే కుండ, ఒకే మంట, ఒకే నీరు గనుక మెతుకులన్నీ ఒకేసారి ఉడుకుతవి. రోగం అట్లా ఉడకదు. ఒక కొట్టంలో అన్నింటిని పట్టి, పక్క కొట్టాన్ని ముట్టకనే పోతుంది. ఒక్క మెతుకు కాదు, ఎన్ని మెతుకులు పట్టవలెనో గణితం చెబుతుంది. లెక్కల మాస్టార్లు ఈ లెక్కను తరగతిలో చేయించవచ్చును. పెద్ద మందలో పదింట ఒక పశువుకు రోగం సోకి ఉన్నదనుకోండి. యాదృచ్ఛికంగా ఒకదానిని పట్టితే అది రోగం లేనిది కావటానికి అవకాశం పదింట తొమ్మిది. రెండింటిని పట్టితే తొమ్మిది పదవవంతును తొమ్మిది పదవవంతుతో గుణించవలెను. ఇట్లే గుణించుకొంటూ పోతే 29వ పశువు దగ్గర ఫలితం నూటికి 5 కంటె దిగువకు వస్తుంది. అనగా 29 పశువులను చూస్తే కనీసం ఒక్కటైనా రోగపుది చేతికి చిక్కటానికి నూటికి 95 పాళ్ళు అవకాశం ఉన్నది. రోగం నూటికి ఒకదానికే ఉంటే? అప్పుడు 299 చూడవలెను. రోగం తగ్గేకొద్దీ దానిని కనిపెట్టే శ్రమ పెరుగుతుంది. మొదట విన్నవారికి ఇది వింతగా ఉంటుంది. నిర్మూలన పనిలో చివరి మెట్టు అన్నిటికంటె ఖరీదైనది ఎందుకో ఈ చిన్న గుణకారంలోనే ఉన్నది.

ఇదంతా పశువులను కళ్ళు మూసుకొని పట్టినప్పటి మాట. దారిపక్క ఊళ్ళలో, పట్టుకొనటానికి సాధువుగా ఉన్నవానిని మాత్రమే పట్టితే గుణకారం తప్పు కాదు కాని సమాధానం తప్పు.

మరొక చిక్కు. పశువుల లెక్క వేరు, మందల లెక్క వేరు. ఒక ఊరిలో ఏబదేసి గొడ్లున్న రెండు మందలున్నవి. ఒకదానిలో 40కి సోకినది, రెండవదానిలో ఒక్కదానికీ లేదు. ఊరి మొత్తంమీద నూటికి 40 అని వ్రాస్తారు. ఆ 40 ఏ మందను గురించి చెప్పినది? దేనిని గురించీ చెప్పలేదు. మందలలో సగానికి సోకినదని చెప్పితే మరొక బొమ్మ కనిపిస్తుంది. పత్రికలలో ‘ఇంత శాతం’ అని చదివినప్పుడు పశువుల శాతమా, మందల శాతమా అని అడగటం విద్యార్థులు అలవాటు చేసుకోవలెను.

అన్నిటికంటె పెద్ద చిక్కు, అసలు దేనిని లెక్కపెడుతున్నాము అన్నది. కుంటిన పశువునా, సోకిన పశువునా? మా కళాశాలలో చదివిన ఒక పల్లెటూరి పిల్లవాడు ఒకనాడు తరగతి అయిన తరువాత వచ్చి అడిగిన ప్రశ్న ఇదే. వాళ్ళ ఇంట మూడు గేదెలు. ఒకదానికి గాలికుంటు వచ్చినది. వాడి పరీక్ష ఫీజుకోసం, ఇంటి అప్పుకోసం బాగున్న రెండింటిలో ఒకదానిని ఆ వారం సంతకు తోలుకొనిపోదామని తండ్రి అనుకొన్నాడు. పశువైద్యుడు వద్దన్నాడు. ‘మాస్టారూ, అది కుంటటం లేదు గదా, మేత కూడ మేస్తున్నది. మా నాన్న అడిగితే నేనేం చెప్పాలి?’ అన్నాడు వాడు. తెలుగు మాస్టరును అడగవలసిన ప్రశ్న కాదు గాని, చదువుకొన్నవారికి అన్నీ తెలుసునని ఊళ్ళో అనుకొంటారు. పొక్కులు లేవటానికి ముందే పశువు ఊపిరిలో, పాలలో వైరస్ వెలువడవచ్చునని, కనుక ఇవాళ కుంటని గేదె రేపు సంతలో నూరు గేదెల నడుమ నిలబడి ఊరూరికి పంచగలదని తెలిసినంత చెప్పినాను. వాళ్ళు అమ్మలేదు. నాలుగైదు రోజులలో రెండవ గేదె కుంటినది. మూడవది కుంటనే లేదు.

ఆ మూడవ గేదెను ఏ పద్దులో వ్రాయవలెను? ఒకే తొట్టి, ఒకే కుడితి. సోకకుండ ఉండటం అరుదు. ఎప్పుడో వేసిన టీకా బలం కొంత మిగిలి ఉండి, సోకినా పైకి కనబడకుండ అణిగిపోయి ఉండవచ్చును. ఇట్టివి మన దేశంలో ఎన్నో. ఇక గొర్రెలు, మేకలు ఉండనే ఉన్నవి. పశువైద్యులలో ఒక మాట ఉన్నది: ఈ రోగాన్ని గొర్రె దాచుతుంది, పంది పెంచుతుంది, ఆవు బయటపెడుతుంది అని. గొర్రెకు పొక్కులు లేచినా చిన్నవి, రెండు రోజులలో మాని పోతవి. మందలో నాలుగు కుంటితే ముల్లు గుచ్చుకొన్నదని కాపరి అనుకొంటాడు. వేసవిలో మేతకోసం జిల్లాలు దాటి నడిచే గొర్రెలమందలు మనకు ఎన్ని ఉన్నవో పాఠకులు ఎరుగుదురు. పంది ఒక్కటి ఊపిరితో వదలే వైరస్ ఆవు వదలేదానికి ఎన్నో రెట్లు. బ్రిటనీనుంచి వైట్ ద్వీపానికి తేలివచ్చినది అదే. ఆవు పెద్ద ఊపిరితిత్తులతో గాలి ఎక్కువ పీల్చుతుంది గనుక కొద్దిపాటి వైరస్‌కే పట్టుబడి, లోకానికి కనిపించేటట్లు కుంటుతుంది. మనం లెక్కపెట్టేది ఆవును.

కంటికి కనిపించనిదానిని పట్టే మార్గం నెత్తురులో ఉన్నది. ఈ వైరస్ కథ మొదలైనదీ కనిపించనిదాని వెంట పడటంతోనే. 1897లో జర్మనీలో లోఫ్లర్, ఫ్రాష్ అనే ఇద్దరు, రోగపు పశువు పొక్కులలోని నీటిని బాక్టీరియాలను ఆపివేసే వడపోత గుండా పంపి, దిగిన తేటను దూడలకు ఎక్కించినారు. రోగం వచ్చినది. వడపోతకు చిక్కనంత చిన్నది, అయినా పెరిగేది, ఏదో ఉన్నదని తేలినది. పశువులలో వైరస్ అన్నదానిని మొట్టమొదట గుర్తించినది ఈ గాలికుంటులోనే. మనిషికి తెలిసిన మొదటి పశువైరస్ ఇంతవరకు వదలకుండ ఉండటం చిత్రమే. తరువాత లోఫ్లర్ పరిశోధన 1910లో రీమ్స్ అనే చిన్న ద్వీపానికి మారినది. ప్రయోగశాలనుంచి చుట్టుపక్కల కొట్టాలకు రోగం పాకటం అందుకు కారణం. దాదాపు నూరేళ్ళ తరువాత 2007లో ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ పరిశోధన ఆవరణలో పగిలిన మురుగు గొట్టంనుంచి ఇదే వైరస్ బయటపడి పక్క పొలాల ఆవులను పట్టినది. గాలే కాదు, గొట్టమైనా చాలు.

నెత్తురు పరీక్ష సంగతి. వైరస్ సోకిన పశువు శరీరం దానిని ఎదిరించే ప్రతిరక్షకాలను తయారు చేసుకొంటుంది. రోగం తగ్గినా అవి నెలలు, ఏళ్ళు నిలుస్తవి. నెత్తురుకు జ్ఞాపకం ఉన్నదనవచ్చును. కాని టీకా వేసినా ప్రతిరక్షకాలే పుడతవి గదా! టీకా వేసిన దేశంలో ఇది సోకినందుకు పుట్టినదా, టీకాకు పుట్టినదా అని చెప్పటం ఎట్లు? ఇక్కడ శాస్త్రజ్ఞులు చూపిన యుక్తి చక్కనిది. వైరస్‌కు పైతొడుగుగా ఉండే మాంసకృత్తులు కొన్ని. జీవకణంలో చొరబడిన తరువాత తన సంతతిని పెంచుకొనటానికి అది తయారుచేసుకొనే పనిముట్ల వంటి మాంసకృత్తులు మరికొన్ని. టీకాలో ఉండేది చంపిన వైరస్. దానిని శుద్ధిచేసి పనిముట్లను తీసివేస్తారు, తొడుగు మిగులుతుంది. కనుక టీకా వేసిన పశువు నెత్తురు తొడుగును గుర్తుపట్టుతుంది. పనిముట్లను కూడ గుర్తుపట్టినదంటే, ఆ పశువు ఒంటిలో వైరస్ ఎప్పుడో సజీవంగా కాపురం చేసినదన్నమాట. దొంగ చొక్కాను బొమ్మలో చూచినవాడు వేరు, వాడు కన్నం వేసిన గునపాన్ని తన ఇంట్లో చూచినవాడు వేరు.

ఈ పరీక్షతో మన దేశంలో రాష్ట్రమంతటా ఊళ్ళు ఎంచి నెత్తురు సేకరించి చూస్తూ ఉన్నారు. ఆ పని నడిపించే జాతీయ సంస్థ ముందు ముక్తేశ్వరంలో ఉండి, ఇప్పుడు ఒడిశాలో భువనేశ్వర్ దగ్గర ఉన్నది. చూచినప్పుడల్లా కుంటిన వాటికంటె సోకినవి ఎక్కువగానే తేలుతవి. అయితే నెత్తురు జ్ఞాపకానికీ ఒక లోపం ఉన్నది: తేదీ చెప్పదు. ఎనిమిదేళ్ళ గేదె నెత్తురు సోకినదని చెప్పితే, అది నిరుటి మాటో, ఐదేళ్ళ నాటి మాటో? అందుచేత ఇటీవలి సంగతి కావలసినవారు లేత పశువులను, ఆరు నెలలు దాటి రెండేళ్ళ లోపు ఉన్నవానిని, చూస్తారు. దూడ పుట్టకముందు జరిగినది దూడ నెత్తురులో ఉండదు. తల్లి జున్నుపాలవల్ల వచ్చినది కొద్ది నెలలలో కరిగిపోతుంది. ఆపై మిగిలినదంతా దూడ తాను సంపాదించుకొన్నదే.

దాచుకొనే సంగతి చెబుతానన్నాను. కోలుకొన్న పశువులలో కొన్నింటి గొంతు వెనుక భాగంలో వైరస్ నెలలతరబడి నిలిచి ఉంటుంది. ఆవులలో మూడేళ్ళకు పైగా నిలిచిన ఉదాహరణలున్నవి. ఆఫ్రికా అడవిదున్నలలో ఐదేళ్ళు. చిన్న గిన్నె వంటి సాధనాన్ని గొంతులోనికి దింపి గీకి తీస్తే తప్ప అది బయటపడదు. మన మూడవ గేదె నోట కూడ అది ఉన్నా ఉండవచ్చును. అట్టి పశువు పక్కదానికి అంటించటం అరుదని పరిశోధకుల అనుభవం; అయినా ఆ అరుదు కోసమే రోగం లేని దేశాలు రోగమున్న దేశాలనుంచి పశువును రానివ్వవు. ప్రపంచ పశుసంపదలో 77 శాతం ఉన్న ప్రాంతాలలో ఈ రోగం తిరుగుతున్నదని ప్రపంచ పశ్వారోగ్య సంస్థ లెక్క. రోగమున్న దేశాలలో పాల నష్టం, మాంసం నష్టం, టీకాల ఖర్చు కలిపి ఏటా 650 కోట్లనుంచి 2,100 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని 2013లో ఇద్దరు శాస్త్రజ్ఞులు అంచనా కట్టినారు. అంచనాలో పై అంకెకు, కింది అంకెకు నడుమ మూడింతలకు పైగా తేడా ఉన్నది చూచినారా? లెక్క దొరకని రోగమంటే ఇదే.

2001లో బ్రిటనులో ఈ రోగం వచ్చినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను చంపివేసినారు. సోకినవే కాదు, చుట్టుపక్కలవి కూడ. యజమానులకు పరిహారం ఇచ్చినారు. ఆ మార్గం మనకు చెల్లదు, చెల్లవలసిన పని కూడ లేదు. మన మార్గం టీకా. 2003-04లో ఎంచిన 54 జిల్లాలతో మొదలైనది. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఈ రోగానికి, దానితోపాటు ఈసుకుపోయే రోగమైన బ్రూసెల్లాకు కలిపి ఐదేళ్ళలో 13,343 కోట్ల రూపాయలు ఖర్చుచేయటానికి నిర్ణయించినది. 2030 నాటికి నిర్మూలించవలెనని అప్పుడు చెప్పుకొన్న గడువు. ఆవులు, గేదెలు ఒక్కటే చూచినా 30 కోట్లు, ఏడాదికి రెండుసార్లు, 60 కోట్ల సూదులు. ప్రతి మోతాదు ఫ్యాక్టరీనుంచి పశువు మెడవరకు 2 డిగ్రీలనుంచి 8 డిగ్రీల చలిలో రావలెను. వైశాఖమాసంలో మన ఊళ్ళలో మంచుపెట్టె ఎంతసేపు చల్లగా ఉంటుందో తెలిసినవారికి ఈ పని బరువు తెలుస్తుంది. టీకా వేసిన పశువు చెవికి పన్నెండంకెల పచ్చబిళ్ళ కడుతున్నారు. దుర్యోధనుడు సాకుగా చెప్పినది ఇప్పుడు నిజంగానే జరుగుతున్నది.

రైతు టీకాకు వెనుదీస్తాడని కొందరు విసుగుకొంటారు. ఆ విసుగు నాకు నచ్చదు. సూది వేసిన రెండు మూడు రోజులు పాలు కొంచెం తగ్గుతవి. పాలకేంద్రంలో ఆ రెండు రోజుల డబ్బు తగ్గుతుంది. రోగం వస్తే పోయేది ఎంతో ఎక్కువ అని మనకు తెలుసు. కాని రోగం వస్తుందో రాదో, ఈ తగ్గటం మాత్రం ఇవాళే వస్తుంది. దీనికంటె గట్టి చిక్కు రోగం వచ్చిందని చెప్పటంలో ఉన్నది. చెప్పినవాని పాలు ఎవరూ కొనరు, గొడ్డు సంతకు పోదు, ఊరి చెరువు దగ్గర నలుగురు ముఖం చిట్లిస్తారు. చెప్పనివానికి ఏ ఇబ్బందీ లేదు. బ్రిటనులో చెప్పినవానికి పరిహారం ఉన్నది. మన దగ్గర పిల్లవాని ఫీజుకు అమ్మదలచిన గేదెను అమ్మక ఆపుకొన్న తండ్రికి ఏమున్నది? ఊరిలోని కుంటిన గొడ్లన్నీ పుస్తకానికి ఎక్కవలెనంటే ముందు ఈ ప్రశ్నకు జవాబు దొరకవలెనని నా అభిప్రాయం. నెత్తురు పరీక్ష ఎంత సూక్ష్మమైనదైనా, ఎవరో ఒకరు ఫలానా కొట్టంలో గొడ్డు కుంటుతున్నదని వచ్చి చెప్పినప్పుడే కదా వైద్యుడు పొక్కు తోలును తీసి ఓ రకమో, ఎ రకమో తేల్చగలిగేది; ఆ రకానికి తగిన టీకా తయారయ్యేది!

చెప్పకుండ ఉండిపోయినప్పుడైనా ఇంటిమట్టుకు చేయదగినవి కొన్ని ఉన్నవి. ఇవి ఖర్చులేనివి. కుంటిన పశువును వేరే కట్టివేయటం, దాని కుడితి తొట్టి మరొకదానికి వాడకపోవటం, పాలు పితికే వరుసలో దానిని చివరకు ఉంచటం, నూటికి నాలుగు పాళ్ళ చాకలిసోడా కలిపిన నీటితో కొట్టం కడగటం, సంతకు తోలకపోవటం. ఇంత మొండి వైరస్ చాకలిసోడాకు తాళలేదు. మనిషికి దీనివల్ల భయం లేదు. పాలు కాచి తాగవలెను, అంతే.

టీకాలు ఇట్లే సాగి, ఆరు నెలలకొకసారి తప్పక పడితే, ఏదో ఒక ఏడు రెండేళ్ళ లోపు దూడల నెత్తురులో ఆ పనిముట్ల గుర్తు ఎక్కడా కనిపించకుండ పోవలెను. దానిని నిశ్చయించుకొనటానికి అప్పుడు 29 దూడలు చాలవు. ప్రతి ప్రాంతంలోను 299 కావచ్చును, ఇంకా ఎక్కువ కావచ్చును. ఒక్కొక్క దూడనూ పట్టుకొని నిలబెట్టవలసినది మాత్రం ఆ ఇంటివారే.